ఊకొట్టు తాళం

"ఊఁ" అని లోపలి నుంచి అసిరిబాబు గొంతు వినిపించగానే సన్యాసమ్మ కథ అందుకుంది.

కొండమీది మంచినీటి జలాశయం దగ్గరి క్లోరిన్ గది తెరవాలంటే ఇద్దరుండాలి. ఒకరు మాస్కు కట్టుకుని లోపల సిలిండర్ మారుస్తారు, రెండోవారు తలుపు బయట మాట్లాడుతూనే ఉంటారు. నీళ్లలో మందు ఎంత కలపాలో యంత్రాలే చూసుకునే ఆ కాలంలోనూ సిలిండర్ మార్పు మనిషి చేతిమీదే మిగిలింది. గోడలకు చెవులుంటాయంటారు, ఇక్కడ తలుపుకున్నాయి. లోపలి మనిషి ఊఁ కొట్టడం ఆగితే చాలు, ఊకొట్టు తాళం గ్యాసు కట్టేసి, ఫ్యాన్లు తిప్పి, తలుపు బార్లా తెరిచి సైరన్ మోగిస్తుంది.

తాళం చేసినవాళ్లు, బయట నిలబడేవాళ్లు భద్రతా సూత్రాలు వల్లిస్తారనుకున్నారు కాబోలు. సన్యాసమ్మ మాత్రం రాజుల కథలు అయిపోయాక ఊళ్లోవాళ్ల పెళ్లిగొడవలన్నీ చెప్పేసింది. ఆ ఉదయం ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. ఎన్నడూ ఎవరికీ చెప్పనిది నోటికొచ్చేసింది. ఈ తాళాలు రాకముందు ఆమె భర్త గురునాయుడు ఇలాంటి గదిలోకే ఒంటరిగా వెళ్లాడు. ఆమె కారేజీ పట్టుకుని వచ్చి బయటి నుంచి పిలిచింది.

"పలకలేదు తమ్ముడా. పనిలో పడి మరిచాడని కోపం కూడా వచ్చింది నాకు."

ఊఁ రాలేదు.

"తమ్ముడా?"

సైరన్ మోగింది. తలుపు తెరుచుకుంది. ఆమె పైప్రాణాలు పైనే పోయాయి. లోపలికి ఉరకబోయి, బయటివాళ్లు వెళితే రెండు ప్రాణాలు పోతాయన్న నియమం గుర్తొచ్చి, గాలికి ఎదురు వైపుకు జరిగి అతని పేరు పెట్టి అరిచింది.

అసిరిబాబు నడుచుకుంటూ బయటికొచ్చాడు. మాస్కు తీస్తే ముఖమంతా కన్నీళ్లు. గ్యాసేమీ కారలేదు. ఏడుపు గొంతుకు అడ్డుపడి ఊఁ అనలేకపోయాడంతే. కారణమేమిటని పైఅధికారి ఫోన్లో అడిగాడు. తాళం నమోదు చేసుకునే కారణాల్లో గ్యాసు కారడం, స్పృహ తప్పడం ఉన్నాయి గానీ, ఏడుపు లేదు.

సన్యాసమ్మ తాళం మీద చేయి వేసి నిలబడింది. ఆనాడు ఇది ఉంటే అనుకుంది. ఈనాడైనా ఉంది, ఈ పిల్లాడు కళ్లెదుట ఉన్నాడు, అదే పదివేలు అనుకుంది. ఆమెకూ కళ్లు నిండాయి.

"ఇంకోసారిలా చెయ్యకు. ఏడిస్తే ఏడు గానీ, ఊఁ కొడుతూ ఏడు."

"ఊఁ" అన్నాడు అసిరిబాబు.