నాయిన గొంతులోని ముక్క

కోసాడ్ కాలనీలో తెల్లవారింది. వెంకటవ్వ చాయ్ కాస్తోంది గానీ మనసంతా భర్త మీదే ఉంది. మధ్యాహ్నం మొండయ్యకు టాన్సిల్ ఆపరేషన్. ఒకవైపే వాచింది, నొప్పీ లేదు, తగ్గడమూ లేదు. తీయించాల్సిందేనని పట్టుబట్టింది కూతురు లత. ఆ పిల్ల మెడికల్ కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది.

పక్క గదిలోంచి లత ఫోన్ మాటలు వినబడ్డాయి. "పద్మక్కా, మా నాయిన టాన్సిల్ ముక్క ఇయ్యాల మన ల్యాబ్‌కే వస్తది..."

వెంకటవ్వ చాయ్ పొంగిపోతున్నా వదిలేసి గదిలోకి వెళ్లింది.

"గిందుకేనా? నీ చదువు కోసం నాయిన గొంతు కోయిస్తవా?"

"ఏందవ్వా, గట్లంటవ్?"

"నా చెవులతోని ఇన్న! సాంచల కాడ బట్ట నేసుకుంట ఒళ్లు అరగదీసుకొని నిన్ను చదివిపిచ్చిండు గదనే!"

అరుపులకు మొండయ్య లేచి వచ్చాడు. "ఊకో. డాక్టర్ అడిగితే నేనే ఒప్పుకున్న. ముందుగాల రోగమేందో జాంచ్ జేసి, మిగిలింది ఆళ్లకిస్తరట."

"పారేసేదాంట్ల ఏమున్నదని?"

"రోగాలతోని కొట్లాడే బీ కణాలుంటయవ్వా," అంది లత. "అండ్ల ఒక తీరువి వేరేగున్నయి. రక్తంల పెద్దగ దొరకయి, టాన్సిల్‌లనే కనవడుతున్నయి. అవేందో, ఏం పని జేస్తయో తెలుసుకుంటున్నం."

"అయితే నాయినదే కావాల్నా?"

"నువ్వు సగమే ఇన్నవ్! నాయినది నువ్వే చూడక్కా, నేను ముట్టలేనని పద్మక్కకు చెప్పిన." లత తల్లి చేతులు పట్టుకుంది. "రోజూ ఎవరెవరియో కోస్త. గానీ... ఒక్క దిక్కే వాస్తే క్యాన్సర్ గూడ కావొచ్చవ్వా. మీకు చెప్పలేక సచ్చిపోతున్న."

మొండయ్య మంచం మీద కూలబడ్డాడు. కూతురి కళ్ల కింద నలుపును వెంకటవ్వ అప్పుడు చూసింది. పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

"గింత భయం ఒక్కదానివే మోసినవా బిడ్డా! నేను సచ్చిన్నా?"

ఆపరేషన్ థియేటర్ బయట ఆమె లత చేయి వదల్లేదు. రిపోర్టు వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

చివరికి క్యాన్సర్ లేదని తెలిసింది. మంచం పట్టె పట్టుకుని లత వెక్కి వెక్కి ఏడ్చింది. వెంకటవ్వ ఆపలేదు, తనూ ఏడ్చింది.

ఇంకా గొంతు పెగలని మొండయ్య కూతుర్ని దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"దొరికినయా మరి," అన్నాడు గుసగుసగా, "నీ కణాలు?"