పసుపు గొడుగు

"ఎల్లారెడ్డికి ఎంత మంది?" షేర్ ఆటో డ్రైవర్ అడిగాడు.

"ఒక్కణ్ణే. సామాను మాత్రం ముగ్గురిది."

"ఎక్కు."

కోడ్ సరిపోయింది. కామారెడ్డి బస్టాండ్ ముందు, ఉదయం తొమ్మిదిన్నరకి ఏజెంట్ నగేశ్ ఆటో ఎక్కాడు. ఖాకీ చొక్కాలో హ్యాండిల్ పట్టుకున్న యాకూబు నిజానికి గూఢచారి విభాగంలో ఆపరేషన్స్ చీఫ్. దారిలో చెయ్యెత్తిన వాళ్ళనెవరినీ ఎక్కించుకోకుండా, వెనక నుంచి తిట్లు తింటూ, చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"శంఖు దీవి ఫైల్ మళ్ళీ తెరిచినం. పోయిన నెల నువ్వు అక్కడ గైడ్ వేషంల వారం రోజులున్నవ్. ఏం దొరకలేదని రిపోర్ట్ రాసినవ్."

"అవును సర్. లక్కీ డ్రాలో గెలిచిన తొమ్మిది మంది మహమ్మద్‌నగర్ వాళ్ళకి ఫ్రీ టూర్. లైట్‌హౌస్, అద్దాల అడుగున్న పడవ, సున్నపురాయి గుహ, చిలకల పార్క్, జలపాతం, కొబ్బరితోట బీచ్, సన్‌సెట్ పాయింట్. ఏడు చోట్లా గైడ్ పసుపు గొడుగు పట్టుకుని పక్కన నిలబడాలి, వాళ్ళు ఫొటో తీసుకోవాలి. కంపెనీ రూల్ అంతే."

"ఏడు ఫొటోల వెనక ఏమున్నది?"

"కొండ."

"కొండ మీద?"

నగేశ్‌కి అప్పుడు వెలిగింది. "నేవీ రాడార్."

"ఏడు దిక్కుల నుంచి రాడార్. గొడుగు పొడవు సరిగ్గా ఒక మీటర్. దాన్ని కొలతగా పెట్టుకుంటే రాడార్ ఎంత ఎత్తున్నది, ఎంత దూరమున్నది, అన్నీ తెలుస్తయి. బయటోడు కెమెరా పట్టుకుని నిలబడితే నేవీ వాళ్ళు పట్టుకుంటరు. మహమ్మద్‌నగర్ రైతులను ఎవరు ఆపుతరు? శత్రువుకు స్కేల్ పట్టుకుని నిలబడ్డోడివి నువ్వే, నగేశ్."

పన్నెండేళ్ళ సర్వీస్‌లో ఇంత పెద్ద చెంపదెబ్బ అతనికి పడలేదు. తల దించుకుని ఆటో అడుగున ఎవరో పారేసిన టికెట్ ముక్క వైపు చూశాడు.

"ఇయ్యాల పన్నెండుకు ఎల్లారెడ్డి ఫంక్షన్ హాల్ల టూర్ ఫొటోల ఆల్బమ్‌లు ఇచ్చే ప్రోగ్రాం. ఫోన్లు తెచ్చుకోమన్నరు. కంపెనీ ఓనర్ దేవరాజ్ ఫొటోలు కాపీ చేసి బయటి దేశానికి పంపుతడు. లింక్ తెరిచేదాక ఆగు, సర్వర్ అడ్రస్ కావాలె. ఫొటోలు మాత్రం పోవద్దు. లింక్ తెరవంగనే ఎస్తేర్ కళ్ళద్దాలు తీస్తది. అదే సిగ్నల్."

ఎస్తేర్ ఆ కంపెనీకి మేనేజర్, విభాగానికి ఇన్‌ఫార్మర్. ఆకుపచ్చ పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి ఏ రోజు ఏ వైపు ఉంటుందో ఎవరికీ తెలియదు.

తొమ్మిది మంది పేర్ల లిస్టులో గౌరవ్వ అనే పేరుంది. ఆమె ఎవరని చీఫ్ అడగలేదు. తన తల్లి అని నగేశ్ చెప్పలేదు.

మహమ్మద్‌నగర్ అతని సొంతూరు. అక్కడ అందరికీ అతను దుబాయ్ సూపర్‌వైజర్. పన్నెండేళ్ళుగా అదే అబద్ధం. దీవిలో ఆ రోజు అద్దాల పడవలో అందరూ వంగి పగడాలు చూస్తుంటే, గౌరవ్వ మూట విప్పి జొన్నరొట్టె తుంచుతూ గైడ్ ముఖంలోకి చూసింది. అతికించిన గడ్డం, టోపీ ఆమెనేం ఆపలేదు. "నగేశా" అంది మెల్లగా. "నన్ను ఎవరనుకుంటున్నారో, మాతాజీ" అని అతను హిందీలో అన్నాడు. అది డ్యూటీ. కానీ పక్కనే ఉన్న ఎస్తేర్ ఆ మూటను చూసి కిసుక్కున నవ్వింది. నగేశ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఏ ఆర్డర్‌లోనూ లేదు. తన ఊరు పేరు ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని మనిషి, ఒక్క క్షణం తల్లి చేతిలోని రొట్టెను చూసి సిగ్గుపడ్డాడు. గౌరవ్వ మూట కట్టేసింది. సాయంత్రం దాకా ఏమీ తినలేదు. నెల రోజులుగా అతనికి ముద్ద దిగినప్పుడల్లా అదే గుర్తుకొస్తోంది.

పదకొండూ నలభైకి నగేశ్ మంచినీళ్ళ క్యాన్ల వాడి వేషంలో హాల్లోకి నడిచాడు. క్యాన్ మూతలో సిగ్నల్ జామర్. జేబులో సర్వర్ అడ్రస్ పట్టే పెన్.

ముందు వరుసలో తొమ్మిది మంది. గౌరవ్వ చివర కూర్చుంది. భుజం మీద క్యాన్‌తో వస్తున్న అతన్ని చూసింది. ముఖం నల్లబడింది. లేచి వచ్చి, జనానికి అడ్డంగా కొంగు చాపి నిలబడింది.

"మెల్లగ పో బిడ్డా. ఎవ్వలు సూస్తలేరు," అంది గొంతు తగ్గించి.

మాట్లాడితే గొంతు పట్టిస్తుంది. నగేశ్ క్యాన్ దించి, గ్లాసులు సర్దుతూ చెమట తుడుచుకుంటున్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు.

స్టేజి మీద దేవరాజ్ తొమ్మిది ఫోన్లూ లాప్‌టాప్‌కి తగిలించాడు. పదకొండూ యాభై ఎనిమిది. నగేశ్ ఎస్తేర్ వైపు చూశాడు. కళ్ళద్దాలు కదల్లేదు. యాభై తొమ్మిది. ఆమె చిన్నగా నవ్వి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పక్క తలుపులోంచి బయటికి నడిచింది.

అమ్ముడుపోయింది.

నగేశ్ క్యాన్ మూత తిప్పాడు. హాల్లో అందరి ఫోన్లకూ సిగ్నల్ పోయింది. లాప్‌టాప్‌కి పోలేదు. దాని వెనక నుంచి నల్లటి కేబుల్ ఒకటి గోడలోకి పోతోంది. జామర్ గాలిని ఆపగలదు, వైర్‌ని ఆపలేదు. రెండే అంగల్లో స్టేజి ఎక్కాడు. తెరమీద అప్‌లోడ్ తొంభై శాతం. తొంభై ఆరు. కేబుల్ చేతికి అందేసరికి వంద.

అయిపోయింది. ఒకసారి తల్లిని, ఇప్పుడు దేశాన్ని. నగేశ్ కేబుల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అప్పుడు తెరమీద అవతలి నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఒకే ముక్క: కొండ ఎక్కడ?

దేవరాజ్ గబగబా ఫొటోలు జరిపాడు. చిలక. చిలక. కొబ్బరిబొండాం. ఇసుకలో పక్కింటి హన్మండ్లు చెప్పులు. మళ్ళీ చిలక. పసుపు గొడుగు ఉన్న ఫొటో ఒక్కటీ లేదు.

"గొడుగు ఫొటోలు ఏవి? దీవిలో రోజూ చెక్ చేసినం కద?" దేవరాజ్ అరిచాడు.

"తీసేసినం," అంది రెండో కుర్చీలోని అంగన్‌వాడీ టీచర్ నవత, తీరిగ్గా. "వాపస్ వచ్చేటప్పుడు రైల్ల. బిన్‌లకెల్లి గూడ తీసేసిన."

"ఎందుకు?"

తొమ్మిది మందీ తొమ్మిది వైపులు చూశారు. నగేశ్ పెన్ను లాప్‌టాప్‌కి ఆనించి సర్వర్ అడ్రస్ పట్టాడు. దేవరాజ్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశాడు. వెనక కుర్చీల్లో పెళ్ళివాళ్ళలా కూర్చున్న మఫ్టీ పోలీసులు అతన్ని తీసుకుపోయారు. బయట ఎస్తేర్ దొరికిన మొదటి షేర్ ఆటో ఎక్కి, కామారెడ్డికి తొందరగా పోనిమ్మంది. యాకూబు పోనిచ్చాడు, నేరుగా పోలీస్ స్టేషన్‌కి.

గందరగోళంలో నగేశ్ తల్లి దగ్గరికి వచ్చాడు. హిందీ రాలేదు.

"ఫొటోలు ఎందుకు తీసేయించినవే అవ్వా?"

గౌరవ్వ అతని ముఖం చూడలేదు. "ఊళ్ళె అందరు నిన్ను దుబాయ్ల పెద్ద నౌకరీ అనుకుంటున్నరు. గొడుగు పట్టుకుని ఆళ్ళ వెనక నిలబడ్డ ఫొటోలు పదిమంది సూస్తే నీ ఇజ్జత్ ఏమైతది? నన్ను ఎరుగనట్టు చేసినవ్, అంటే నీకెంత నామోషీ ఉన్నదో అనుకున్న. ఒక్కొక్కల కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన."

"అందరికి చెప్పినవా?"

"చెప్పకుంటే తీసేస్తరా?"

అతను నవ్వింది నామోషీ వల్ల కాదని చెప్పబోయాడు. కానీ నవ్వింది అందువల్లే. నిజమైన ఉద్యోగం ఏమిటో చెప్పడానికి చట్టం ఒప్పుకోదు. అబద్ధం చెప్పడానికి మొదటిసారి మనసు ఒప్పుకోలేదు.

"ఆకలైతుందే," అన్నాడు చివరికి. "రొట్టె ఉన్నదా?"

ఆమె మూట విప్పింది. నగేశ్ అందరి ముందూ, క్యాన్ పక్కన నిలబడి, జొన్నరొట్టె తిన్నాడు.

వెనక నుంచి హన్మండ్లు దగ్గాడు. చిన్నప్పుడు నగేశ్‌కి ఈత నేర్పిన పక్కింటి మనిషి. నేరుగా అతని కళ్ళలోకి చూస్తూనే గౌరవ్వను అడిగాడు.

"అవ్వా, మీ నగేశ్ మంచిగున్నడా దుబాయ్ల?"

"మంచిగనే ఉన్నడు హన్మండ్లు."

"మంచిది." హన్మండ్లు గ్లాసు చాపాడు. "తమ్మీ, కొన్ని నీళ్ళు పొయ్యి."

నగేశ్ పోశాడు. పన్నెండేళ్ళుగా తను వేసిన మారువేషాల్లో ఇక ఇక్కడ ఒక్కర్నీ మోసం చేయలేనిది ఈ దుబాయ్ వేషమొక్కటే. ఇంత మంది కలిసి కాపాడింది కూడా దీన్నొక్కటే.