ఇగో అని పిలిస్తే

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, గిన్నెలో పెరుగన్నం కలుపుకుని, ఈరమ్మ వాకిట్లోకి వచ్చి "ఇగో" అని పిలిచింది. రోజూ అయితే ఆ మాట పూర్తికాకముందే గేటు సందులోంచి గోధుమరంగు కుక్కొకటి దూరి వస్తుంది. ఆ రోజు రాలేదు. ఈరమ్మ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది. లోపల పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి.

ఆ పిలుపు సంగతి ముందే చెప్పాలి. నాచారం పాతూళ్లో ఈరమ్మ ఈడు ఆడవాళ్లు మొగుణ్ని పేరు పెట్టి పిలిస్తే నాలుక తెగిపడుతుందన్నట్టుంటారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె బాలనర్సింహను "ఇగో" అనే పిలిచింది. కూరలో ఉప్పు చాలిందా అని అడగాలన్నా ఇగో, బిడ్డ పాసైందని చెప్పాలన్నా ఇగో. కోపమొచ్చినా అదే మాట, కాకపోతే జర గట్టిగా. మల్లాపూర్ ఫ్యాక్టరీ నుంచి సైకిల్ మీద వచ్చే ఆ మనిషి గల్లీ మలుపులో ఉండగానే ఆ గొంతుకు పలికేవాడు. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు దవాఖానాకు పోయినవాడు మళ్లీ రాలేదు.

అప్పటి నుంచి పోయినవాళ్లకు పెట్టుకునే ప్రతి పెత్రమాసకూ ఈరమ్మ ఆయనకిష్టమైన బగారన్నం, యాట కూర, గారెలు విస్తరిలో పెట్టి డాబా మీద కాకి కోసం చూసేది. నాచారంలో ఇప్పుడు కాకులెక్కడివి? పావురాలున్నాయి, కోతులున్నాయి. కాకి ముట్టకపోతే పోయినాయన మనసులో ఏదో ఉండిపోయినట్టేనని ఇరుగుపొరుగు అననే అన్నారు. వాళ్లకేం, అనేసి పోతారు. మొన్నటి పెత్రమాసకు ఆమెకు ఓపిక చచ్చిపోయి, కాకిని పిలవడం మానేసి, "ఇగో, జర వచ్చి తినరాదు" అని ఏడుస్తూ పిలిచింది. ఎక్కడి నుంచో ఈ కుక్క మెట్లెక్కి వచ్చింది. విస్తరంతా నాకేసి, వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది. ఇంకేం కావాలి, ఈరమ్మకు ఆ కుక్కే ఆయన అయిపోయింది.

కూతురు నీలవేణి పశువుల డాక్టరు చదువు చదివి, ఉప్పల్‌లో ఒక ల్యాబులో కుక్కలకూ పిల్లులకూ వచ్చే అంటురోగాల మీద పరిశోధన చేస్తోంది. ఆమె కుక్కను ఒకసారి చూసి, అది ఆడకుక్క అని మెల్లగా చెప్పింది. పానానికి ఆడేంది మగేంది, నీకు సదువెక్కువైందని తల్లి కొట్టిపారేసింది. కొడుకు జగన్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. టీకాలు వేయిద్దామంటే అదీ సాగనివ్వలేదు. మీ నాయినకు సూదులంటే భయమంది. ఊళ్లో కుక్కలన్నిటికీ సూదులు పొడిచే డాక్టరమ్మ సొంత ఇంట్లో అమ్మతో పెట్టుకోలేక, కొన్నాళ్లు ఆగి చూద్దాంలే అనుకుంది.

ఆ పొద్దున కుక్క నీళ్ల సంపు వెనకాల దొరికింది. కళ్లకు పుసులు, ముక్కు వెంట చిక్కటి చీమిడి. ఏదో నములుతున్నట్టు దవడ దానంతటదే టకటక కొట్టుకుంటోంది. దిష్టి తగిలిందని ఈరమ్మ ఉప్పు, మిరపకాయలు తేవడానికి పోయింది. నీలవేణి మాత్రం అక్కడే కూలబడింది. ఆ చలికాలం నాచారం నుంచి పీర్జాదిగూడ దాకా ఎన్నో గల్లీల్లో ఆమె ఆ దవడ కొట్టుకోవడం చూసింది. డిస్టెంపర్ అనే కుక్కల అంటురోగం. ఆ వైరస్‌ను చంపే మందు లేదు. సెలైన్ పెట్టి, జ్వరానికీ ఫిట్స్‌కూ మందులిచ్చి, ఒళ్లు దానితో కొట్లాడి గెలుస్తుందేమోనని చూడటమే.

కుక్కను దుప్పట్లో చుట్టి ఆటోలో ల్యాబు పక్కనున్న జంతువుల క్లినిక్‌కు తీసుకుపోయింది. ముక్కులోంచి నమూనా తీసి, గొట్టం మీద ఇంగ్లీషులో ఇగో అని పేరు రాసింది. తోటి పరిశోధకుడు హృషికేశ్ అది "ఈగో" అని చదివి, కుక్కకు మస్తు పేరు పెట్టారు మేడం అన్నాడు. నీలవేణికి నవ్వు రాలేదు. మధ్యాహ్నానికి అనుమానం నిజమని తేలింది. కుక్కను చివరి గదిలో విడిగా పెట్టి తలుపేశారు. చూసుకునే మనిషి తప్ప ఎవరూ లోపలికి పోకూడదన్నది అక్కడి పద్ధతి. ఆ పద్ధతి రాసిన వాళ్లలో నీలవేణి కూడా ఉంది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఈరమ్మ మంచి చీర కట్టుకుని, టిఫిన్ డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని గడప దగ్గర కూర్చుని ఉంది. నీలవేణి చెప్పులు విడవకుండానే, అక్కడికి ఎవరినీ పోనివ్వరని చెప్పింది.

"నాకు అంటుకుంటదా అది?" అని అడిగింది ఈరమ్మ.

"లేదమ్మా. మనుషులకు అంటదు."

"గప్పుడేమో అంటుకుంటది, రావొద్దంటివి. ఇప్పుడు అంటదంటున్నవు, అయినా రావొద్దంటున్నవు. అంటుకున్నా తలుపే, అంటకున్నా తలుపేనా బిడ్డా?"

జగన్ టీవీ ఆపేశాడు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరూ ఎత్తని మాట అది. తండ్రిని చేర్చిన దవాఖానా గేటు దగ్గర తల్లి రెక్క పట్టుకుని ఆపింది నీలవేణే. చదువుకున్న బిడ్డ, రోగాల సంగతి తెలిసిన బిడ్డ చెప్పిందని ఈరమ్మ ఆగిపోయింది.

నీలవేణి ముందు డాక్టరులాగే మాట్లాడింది. నీకు అంటకపోయినా నీ చీరకు, నీ చేతులకు అంటుతుంది, నువ్వు పొద్దున లేస్తే గల్లీ కుక్కలన్నిటికీ అన్నం పెడతావు, వాటన్నిటికీ పాకుతుంది అని ఓపికగా చెప్పింది. ఈరమ్మ వింటున్నట్టే లేదు, డబ్బా మూతను తీస్తోంది, పెడుతోంది. అది చూసేసరికి నీలవేణి డాక్టరు మాటలు ఆపేసింది.

"గప్పుడు నిన్ను లోపటికి పంపిస్తే నువ్వు గూడ వాపస్ రాకపోతుంటివి. నాయిన ఎట్లాగూ దక్కడని నాకు ఎరుకైంది. నిన్ను గూడ పోగొట్టుకోవాల్నా? మళ్ల గసొంటి దినమొస్తే మళ్ల గట్లనే ఆపుతనమ్మా."

ఈరమ్మ డబ్బా పక్కన పెట్టింది. తర్వాత చీర కొంగు చేతికి చుట్టుకుంటూ, నేల వైపు చూస్తూ చెప్పింది.

"నువ్వు ఆపినవని గాదే నా బాధ. గా నర్సమ్మ ఫోన్ల మీ నాయినను చూపించింది జూడు, గప్పుడు ఇగో, ఇగో అని పిలుస్తనే ఉన్న. ఆయన ఇటు తిరగలే. మిషిన్ల సప్పుడుకు ఇనబడలేదేమో. గా వార్డుల ఎంతమంది పెండ్లాలు ఇగో అని పిలుస్తుండెనో, ఎవల్నో అనుకున్నడేమో. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే తిరిగి జూసెటోడు. నాకు నోరు రాలే బిడ్డా. గప్పుడు గూడ నోరు రాలే."

నీలవేణి గడప మీద తల్లి పక్కన కూర్చుంది. తల్లి తనమీద కోపంతో ఉందని ఇన్నేళ్లూ అనుకుంది. ఆ కోపానికి జవాబులు కూడా మనసులో సిద్ధంగా పెట్టుకుంది. తల్లి మోస్తున్నది కోపం కాదు, ఆ పిలుపు ఆయనకు చేరిందో లేదో అన్న బెంగ అని ఆమెకు ఎన్నడూ తట్టలేదు.

తెల్లారి ఆమె క్లినిక్ పెద్దడాక్టరు రామచంద్రరావు దగ్గరికి పోయింది. ఆయన ముందు ఒప్పుకోలేదు. ఒకరికి తలుపు తీస్తే అందరికీ తీయాలన్నాడు. నీలవేణి కుక్క సంగతి వదిలేసి నాన్న సంగతి చెప్పింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, గౌను, గ్లవ్స్, మాస్కు లేకుండా వద్దు, ఇంటికి పోగానే తలస్నానం చేసి చీర వేడినీళ్లలో వేయాలి, గల్లీ కుక్కల జోలికి పోకూడదు అన్నాడు. గల్లీ కుక్కలకు అన్నం పెట్టే పని జగన్ మీద పడింది. కుక్కల్ని పట్టుకుపోయే మున్సిపాలిటీ బండికి ఫోన్ చేద్దామని అంతకుముందు గొణిగిన మనిషే పొద్దున్నే గిన్నె పట్టుకుని కుక్కల వెంట తిరుగుతుంటే గల్లీ అంతా వచ్చి చూసింది.

క్లినిక్‌లో నీలవేణి తల్లికి నీలం గౌను తొడిగి వెనకాల ముడి వేసింది. గ్లవ్స్ ఎట్లా తొడుక్కోవాలో, బయటివైపు ముట్టకుండా ఎట్లా తీయాలో చూపించింది. ఈరమ్మ గౌను గుడ్డను వేళ్లతో తడిమి చూసింది.

"గింతేనా? గీ బట్ట తొడుక్కుంటే పోనిస్తరా?"

"గప్పుడు గివి డాక్టర్లకే సాలకపోయెనమ్మా" అంది నీలవేణి. ఈరమ్మ మాస్కు కోసం ముఖం చాపింది.

కుక్క పక్కకు తిరిగి పడుకుని ఉంది. ముందుకాలికి సెలైన్. ముందురోజు నుంచి తల ఎత్తలేదని, ఎవరు పిలిచినా చూడటం లేదని అక్కడి మనిషి చెప్పాడు. ఈరమ్మ గచ్చు మీద కూర్చుని "ఇగో" అంది. మాస్కు లోపలి నుంచి ఆ మాట సరిగా బయటికి రాలేదు. కుక్క కదలలేదు. ఆమె మళ్లీ పిలిచింది. పక్కన ఏదో మిషన్ చప్పుడు చేస్తోంది. ఈరమ్మ బెదిరిపోయి వెనక్కి తిరిగి కూతురి వైపు చూసింది. ఆ చూపు నీలవేణికి తెలుసు. ఫోను చేతిలో పట్టుకుని ఆమె అప్పుడూ అట్లాగే చూసింది.

"గట్టిగ పిలువమ్మా. కోపమొస్తే పిలుస్తవు జూడు, గట్ల."

ఈరమ్మ ఊపిరి పీల్చుకుంది. ఇంటి ముందు నిలబడి మలుపు దాకా వినిపించేలా పిలిచిన ఆ పాత గొంతు బయటికి వచ్చింది.

"ఇగో!"

కుక్క చెవి కదిలింది. తర్వాత తోక గచ్చు మీద ఒకసారి తట్టింది. కళ్లు తెరిచి, మెడ మీద తల నిలవకపోయినా, గొంతు వచ్చిన వైపు తిరిగి చూసింది. ఈరమ్మ చెంచాతో నీళ్లు తీసుకుని దాని పెదవి పక్కన పోసింది. సగం కారిపోయినా సగం గుటక పడింది.

"ఇనబడ్డది నీలా" అంది ఈరమ్మ.

"అవునమ్మా."

"అది మీ నాయిన గాదని నాకెరుకనే. ఆడకుక్కని గూడ ఎరుకనే. నా పిచ్చికి దానికి సూది గూడ ఎయ్యనియ్యకపోతి, పాపం." ఆమె మరో చెంచా నీళ్లు పోసింది. "ఏం జేద్దు బిడ్డా. ఇన్నేండ్ల సంది పిలుస్తున్న. పలికింది గిదొక్కటే."

నీలవేణి గోడకు ఆనుకుని ఏడ్చింది. తండ్రి పోయినప్పుడు కాగితాల మీద సంతకాలు, తల్లికి మందులు, అందరికీ ధైర్యం చెప్పడం అంటూ తిరిగిన పిల్ల, అప్పుడు రాని ఏడుపు ఇప్పుడు ఏడ్చింది. ఈరమ్మ గాభరాగా లేచి కూతురి ముఖం మీదికి చేయి చాపి, మధ్యలోనే ఆపేసింది. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని, "ఆగు బిడ్డా, నా చేతులు మంచిగ లేవు" అంటూ తలుపు వైపు నడిచింది.

నేర్పినట్టే గ్లవ్స్ లోపలివైపు బయటికి వచ్చేలా తీసి డబ్బాలో వేసింది. గౌను విప్పింది. నల్లా కింద మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందులు కూడా రుద్ది కడుక్కుంది. తనూ గౌను, మాస్కు విప్పి వెనకే వచ్చి నిలబడ్డ నీలవేణి ముందుకు ఆ తడి చేతులు చాపి అడిగింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చునా, డాక్టరమ్మా?"

నీలవేణి తలూపింది. ఈరమ్మ ఆ తడి చేతులతోనే కూతురి ముఖం తుడిచింది.