వంకరపోయిన కుట్టు

ఆ ఉదయం అత్తగారు కుట్టుమిషను ముందు కూర్చుని దవడ నొక్కుకుంటూ కనిపించేసరికి, కోడలికి కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టనిపించింది.

ముందుగదే వాళ్ల టైలరింగ్ షాపు. కోడలు బట్ట కత్తిరిస్తే అత్తగారు కుడుతుంది. బడి యూనిఫారాలు ఇవ్వాల్సిన రోజు దగ్గరపడటంతో ఇద్దరూ పొద్దున్నే పనిలో దిగారు.

"పన్నునొప్పి కాబోలే. వీపు కూడా లాగేస్తోంది. రాత్రి నుంచీ ఒకటే నీరసం," అంది అత్తగారు.

కోడలు కత్తెర ఆపలేదు. బిడ్డ పుట్టిన కొత్తలో తనకూ నీరసమే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడేది కాదు. "పని ఎగ్గొట్టడానికి నాటకాలు! మేం పిల్లల్ని కనలేదా?" అని ఈవిడ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వింది. చివరికి స్పృహ తప్పి ఆస్పత్రిలో చేరాక తేలింది, గుండె బలహీనపడిందని. మందులతో కోలుకుంది గానీ, ఆ నవ్వును మాత్రం మరిచిపోలేదు. ఇలాంటి రోజొకటి రావాలని ఎంతగా కాచుకుందో!

"నాటకాలు ఆపండి అత్తయ్యా. మాకు పన్నునొప్పులు రాలేదా?" అంది, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ.

ఆ మాట అనేశాక కోడలికి ప్రాణం లేచొచ్చింది. లోపల్నుంచి మొగుడు, "గ్యాస్ అయ్యుంటుందిలే అమ్మా, వేణ్నీళ్లు తాగు," అన్నాడు. పెళ్లానికీ అప్పుడు అదే వైద్యం చెప్పాడు మహానుభావుడు.

అత్తగారు తలొంచుకుని మిషను తొక్కి, కుట్టిన కాలరు అందించింది. కుట్టు వంకరపోయింది. ఆవిడ చేతి కుట్టు వంకరపోవడం కోడలు ఏనాడూ చూడలేదు. తలెత్తి చూస్తే, ఫ్యాను కిందే ఆవిడ రవిక చెమటకు తడిసి ముద్దయి ఉంది.

ఆడవాళ్లకు గుండెపోటు ఛాతీనొప్పితోనే రానక్కర్లేదు, దవడ, వీపు, ఆయాసం, నీరసం, వేటినీ తేలిగ్గా తీసుకోవద్దని అప్పట్లో ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి కోడలు గభాలున లేచింది.

"బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"బాగానే ఉంది కదా అని మానేశానే..."

"ఏవండీ! అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

"గ్యాస్‌కి అంబులెన్సా?"

"ఇంకోసారి ఆ మాటన్నారంటే ఈ కత్తెరతో నాలుక కోస్తాను!"

అంబులెన్సులో అత్తగారు కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకూ ఇలాగే భయమేసిందా?"

"ఇలాగే అత్తయ్యా."

ఆవిడ కళ్లు నిండిపోయాయి. "నేను నవ్వాను కదే. ఎలా ఓర్చుకున్నావు తల్లీ?"

"ఓర్చుకోలేదు. పగబట్టాను," అంటూ కోడలు భోరుమంది. "ఇంకా తీరలేదు. మీరు బతకాలి. ఉప్పు తగ్గించి వండిపెడతాను, దగ్గరుండి మాత్రలు మింగిస్తాను, రోజూ వీధి చివరిదాకా నడిపిస్తాను. అప్పుడు తీరుతుంది."

"తీర్చుకో," అంది అత్తగారు, చెయ్యి వదలకుండా.