ఎవరి చీటీ వాళ్ళే తీయాలి

అతను పీకింది ఒక చిన్న చీటీ. ఆ మాత్రానికి ఆమె కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో అతనికి బోధపడలేదు.

ఇద్దరూ కెర్నెల్ రాసే బృందంలో పనిచేస్తారు. కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కోడ్ అది. అందులో ఒకే వస్తువును పలువురు వాడుకుంటారు. పని ముగిసినవాళ్ళు తమ పట్టు తాము వదలాలి. పట్టుకున్నవాళ్ళ లెక్క సున్నా అయితే వస్తువు చెరిగిపోతుంది. టెస్ట్ గదిలోని ఉమ్మడి మెషీన్‌కీ ఇదే పద్ధతి పెట్టుకున్నారు. వాడేవాళ్ళు దానిమీద తమ చీటీ అంటించాలి. ఆఖరి చీటీ తీసినవాళ్ళు మెషీన్ ఆపేయాలి.

ఆమె టెస్టులు ఎప్పుడో అయిపోయాయి. మర్చిపోయిందేమోనని అతను తన చీటీతోపాటు ఆమెదీ పీకేసి మెషీన్ ఆపేశాడు.

"నా చీటీ మీరెందుకు తీశారు?"

"మీ పని అయిపోయిందిగా."

"అయిందని నేను చెప్పానా? మీరు రాసిన కోడ్ సరిచూసి నేను మాటిమాటికీ వెనక్కి పంపేదీ ఇందుకే. అవతలివాళ్ళ పట్టు కూడా మీరే వదిలేస్తారు."

ఆమె తడి గొడుగు అందుకుని వెళ్ళిపోయింది. సోమవారం నుంచి ఆమె కింది అంతస్తులో వేరే బృందంలో చేరుతోందని మేనేజర్ చెప్పాడు.

ఇంట్లో అక్కకు చెప్పుకున్నాడు. అక్క పళ్ళ డాక్టరు. నొప్పి ఎక్కడుందో నొక్కి చూడటం అలవాటు. పని లేకపోయినా ఆ అమ్మాయి ఆ గదికి వచ్చేదా అని అడిగింది. వచ్చేదన్నాడు. ఎవరున్నప్పుడు అని అడిగింది. తానున్నప్పుడేనన్నాడు.

"ఒరేయ్ మొద్దూ, ఆ చీటీ మెషీన్ కోసమేనంటావా?"

సోమవారం పెందలాడే వెళ్ళి మెషీన్ ఆన్ చేశాడు. తన చీటీ అంటించాడు. ఆమెది మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు. అది ఆమె అంటించాల్సింది.

సామాను తీసుకెళ్ళడానికి ఆమె వచ్చింది. అతను అరచేయి చాపాడు.

"పెడతారో లేదో మీ ఇష్టం. నాది మాత్రం నేను తీయను."

"మీ టెస్టులూ అయిపోయాయిగా."

"అయిపోయాయి."

"ఇద్దరం తీయకపోతే ఇదిక ఆగదు. ఎవరూ పట్టు వదలకుండా ఉండిపోతే మన కోడ్‌లో ఏమంటారు?"

"లీక్. అదీ తప్పే. వెనక్కి పంపుతారు మీరు."

ఆమె చీటీ తీసుకుని, ముడుచుకుపోయిన అంచును బొటనవేలితో సాపు చేసి, అతని చీటీ పక్కనే అంటించింది.

"ఈ ఒక్క లీకూ నా కంట పడలేదనుకుంటాను."

ఒప్పుకున్నట్టో కాదో తేలక అతను తెల్లముఖం వేశాడు. ఆమె గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సాయంత్రం వానొస్తే నీ గొడుగు తీయకు. నాది ఇద్దరికీ సరిపోతుంది."