బందుపడ్డ మిల్లుల రెండు గొంతులు

సుల్తానాబాద్ నుంచి మా ఊరికొచ్చే తొవ్వల, కాల్వ దాటంగనే ఎడమ దిక్కు ఒక రైస్ మిల్లు ఉంటది. ఉంటదంటే ఏమున్నది... గోడలున్నయి, మీద రేకులున్నయి. మిషిన్లు ఎప్పుడో అమ్ముకపోయిండ్రు. ఎనిమిదేండ్లాయె బందుపడి. మిషిన్ల చిక్కి ఒక హమాలి సచ్చిండని కొందరంటరు. సావలే, చెయ్యే పోయిందని కొందరంటరు. నాకు తెల్వదు. తెల్వనిది నేను చెప్ప.

కనీ పొద్దుగూకినంక గా తొవ్వల ఎవ్వలు పోరు. సర్కారు వడ్లు కొనే సెంటర్ల కుప్పకాడ కావలి పండవోయేటోళ్ళు గుడ కాల్వ కట్టమీదికెల్లి చుట్టు తిరిగి పోతరు. ఎందుకయ్యా అంటే — లోపట ఏడుపు ఇనవడుతదట.

ఒక్కటి గాదు. రెండు.

ముందుగాల మొగమనిషి గొంతు... ముసలి గొంతు. నోట్లె గుడ్డ కుక్కుకొని ఏడ్సినట్టు. దాని ఎనుకనే, గోడ అవుతలికెల్లి — ఆడపిల్ల గొంతు. సన్నగ. అది ఆగితే ఇది ఆగుతది.

నా కండ్లతోని నేను చూడలే, ముందే చెప్తున్న. మా ఇంటాయన కైలాసం చూసొచ్చి చెప్పిందే మీకు చెప్తున్న. ఆయన అబద్ధాలాడే మనిషి గాదు. అబద్ధమాడాలంటే జర తెలివుండాలె.

మా ఇంటి ఎనుక ఇల్లే తోమాసన్నది. చర్చిల పెద్దమనిషి. ఆయన భార్య మగ్దలేనక్క, నేను సొంత అక్కచెల్లెండ్ల లెక్కనే ఉంటం. వాళ్ళకు ఒక్కడే కొడుకు అనిల్ కుమార్, మస్కట్ల పని చేస్తడు. కోడలు లిడియా కరీంనగర్ల దవాఖానల నర్సు. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది హెప్సిబా, పదకొండేండ్లు. చిన్నోడు సాల్మన్, ఆరేండ్లు.

మొన్న ఎండకాలం, బడి ఇంకా బందుగాకముందే లిడియా పిల్లల్ని తెచ్చి తాతకాడ దింపిపోయింది. "డ్యూటీలు ఎక్కువున్నయి అత్తమ్మా" అన్నది. మొఖం పీక్కపోయి ఉండె. నైట్ డ్యూటీలు గదా, గట్లనే ఉంటరనుకున్నం.

ఇగ పిల్లలకు ఏం కావాలె! తోమాసన్న తాళ్ళల్లకు తీస్కపోయి ముంజలు కొట్టిపిచ్చిండు. కాల్వల నీళ్ళు సన్నగ పారుతుంటే ఎండ్రికాయలు పట్టుడు నేర్పిండు. సాల్మన్ గాడు నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టుకొని బాయిల ఈతకొట్టుడు, సెంటర్ల వడ్ల కుప్పల మీదికెల్లి జారుడు, హమాలీలతోని తిట్లు తినుడు. ఒంటినిండ వడ్ల దురద వెట్టుకొని వస్తే మగ్దలేనక్క నల్లా కాడ నిలవెట్టి రుద్దిరుద్ది కడిగేది. గా పోరడు ఏడ్సుడు, నవ్వుడు రెండు ఒక్కసారే చేస్తుండె. "మా డాడీ ఫోన్ సముద్రంల వడ్డదట అవ్వా, కొత్తది కొన్నంక నాకు వీడియోల కనవడుతడు" అని నాకు రోజు చెప్పేటోడు.

హెప్సిబా గుడ అన్నిట్ల ఉండేది. తమ్ముని చెయ్యి ఇడిచేది గాదు. కనీ తినకపోయేది. ముంజ చేతిల వెట్టుకొని గట్లనే కూసునేది, నీళ్ళన్ని గౌను మీద కారిపోయేదాక. పది రోజులల్ల పిల్ల పుల్లయింది. కండ్ల కింద నలుపు. మెడ బొక్కలు తేలినయి.

మగ్దలేనక్క పరేషాన్. ఒకనాడు దడి మీదికెల్లి నన్ను మెల్లగ పిలిచింది.

"చంద్రవ్వా... రాత్రి పిల్ల పండ్లు కొరుకుతుందే. పిలిస్తే ఉలిక్కివడుతుంది. ఏం సోకిందో ఏమో..."

వాళ్ళు గాలి, దయ్యం నమ్మరు. అసొంటి మనిషి నోట్లెకెల్లి గా మాట వచ్చేవరకు నేను దడి దగ్గరికి జరిగిన.

"ఎర్రదారం కట్టిద్దామక్కా" అన్న.

"గట్లనకు. మేం ప్రార్థన చేసుకుంటం" అన్నది. జర్రసేపయినంక మళ్ళ తానే, "ఎవలు కడ్తరే?" అని అడిగింది. ఏం చేస్తది! పిల్ల కరిగిపోతుంటే ఎవలన్న గంతే.

ఇంకో ముచ్చట ఇనుండ్రి. తోమాసన్న ముంగట ఎవలన్న దయ్యం మాటెత్తితే లడాయికొచ్చేటోడు. "గాలి లేదు గీలి లేదు, పోయి పండుండ్రి" అని కసిరేటోడు. అసొంటోడు గీసారి తానే అందరికి చెప్పబట్టిండు — "మిల్లు దిక్కు పోకుండ్రి. నేను గుడ ఇన్న. ఏదో ఉన్నది" అని. చర్చి పెద్దమనిషే చెప్పినంక ఇగ నమ్మనిదెవ్వలు? ఊరు ఊరంత గజగజ.

గప్పుడే సాల్మన్ గాడు మా ఇంట్ల రొట్టె తినుకుంట అన్నడు, "అవ్వా, అక్క మాపటికి మిల్లుకు పోతది. నేనొస్తనంటే దయ్యం పట్టుకుంటదన్నది. మరి అక్కను పట్టుకోదా?"

పెనం మీద రొట్టె మాడిపోయింది. నేను తియ్యలే.

మగ్దలేనక్కకు చెప్తే అక్కడికక్కడ పడిపోతది, ఆమెకు బీపీ. తోమాసన్న మాపటికి ఇంట్ల ఉండడు, చర్చిల పనున్నదని పోతడు. ఇగ మా ఇంటాయనే దిక్కాయె.

"ఇయ్యాల రాకేశుకు సద్ది నువ్వే తీస్కపో. కట్టమీదికెల్లి గాదు, మిల్లు ముంగటికెల్లే పో. పిల్ల లోపటుంటే ఎత్తుకరా" అన్న. రాకేశు మా కొడుకు, సెంటర్ల మా వడ్ల కుప్పకు కావలి పంటుండె.

"నేనా?" అన్నడు.

"నువ్వు గాకపోతే మిల్లు ఓనరా? పసిపిల్ల పానం పోతుంటే గిట్లనే కూసుంటవా?"

గా మాటకు లేచిండు. బీపీ గోలి ఏసుకున్నడు. ఆగమాగంల బనీను తిర్లమర్ల తొడుక్కున్నడు. నేను చూసి గుడ చెప్పలే, చెప్తే గదే సాకువెట్టుకొని ఆగుతడని.

ఇగ ఆయన చెప్పింది చెప్పినట్టే చెప్త.

పొద్దుగూకింది. మొగులు ఒకపక్క ఇంకా జర ఎర్రగున్నది. దూరంగ సెంటర్ల లైట్లు. మిల్లు గేటుకాడికి వచ్చేవరకు ఎనుక మొరిగే కుక్కలు గుడ సప్పుడు బందువెట్టినయి.

ఒక చేతిల సద్దిగిన్నె, ఇంకో చేతిల బ్యాటరీ లైటు. కనీ బ్యాటరీ ఎయ్యలే... ఏస్తే తానున్నట్టు దయ్యానికి తెలుస్తదని.

గేటు మనిషి పట్టేంత తెరిచే ఉన్నది. కాలు లోపట వెట్టిండు. పాత ఊక... మోకాలు దాక దిగవడ్డది. ఊపిరి పట్టుకొని నిలవడ్డడు.

గప్పుడు ఇనవడ్డది.

"అయ్యో... అయ్యో ప్రభువా..."

మొగ గొంతు. నోరు మూసుకొని ఏడ్సినట్టు.

గా ఎంబడే — గోడ అవుతలి గోదాంల — సన్నటి గొంతు. మాటల్లేవు. ఊపిరి తీసుడు, ఇడుసుడు... నడుమ పిల్లిపిల్ల లెక్క ఒక కూత.

చెమటకు బ్యాటరీ చేతిలకెల్లి జారుతుందట. గంత భయంల గుడ మా ఆయనకు ఒక్క ముక్క తట్టింది — దయ్యమైతే ప్రభువా అంటదా?

బ్యాటరీ ఏసిండు.

మూలకు, బార్దాన్ గోనెసంచి మీద... తువ్వాల నోట్లె కుక్కుకొని... తోమాసన్న.

"అన్నా?!"

"బందు చెయ్యి తమ్మీ... బ్యాటరీ బందు చెయ్యి."

బందు చేసిండు. మా ఆయన పోయి ఆయన పక్కన ఊకలనే కూసున్నడు. తర్వాత తోమాసన్నే అన్నడు.

"అనిల్ పోయిండు కైలాసం."

"యాడికి?" అన్నడట మా పిచ్చి మనిషి.

"పోయిండు తమ్మీ... పనికాడనే గుండె ఆగిందట. ఇయ్యాల్టికి పదమూడు రోజులు. పెట్టె ఇంకా రాలే. కాగితాలు కావాలెనట... లిడియా గా కాగితాల ఎంబడే తిరుగుతుంది."

మా దిక్కు ఇదొక రివాజు అయిపోయింది. గల్ఫ్ ల ఎవలన్న పోతే, శవమున్న పెట్టె ఇంటిముంగట దిగేదాక ఇంట్లోళ్ళకు చెప్పరు. దవాఖానల ఉన్నడంటరు, ఫోన్ పాడయిందంటరు. ఇరవై రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. మనిషి మొఖం చూడకుంట గన్ని రోజులు ఎట్ల ఏడుస్తరని, మంచికే దాస్తరు. అనిల్ ముచ్చట గుడ ముగ్గురికే తెలుసు — లిడియాకు, తోమాసన్నకు, పాస్టరు గారికి.

"మగ్దలేనకు చెప్తే దక్కది. పిల్లలు పసోళ్ళు. ఇంట్ల కంట్ల నీళ్ళు తియ్యరాదు. ఏడ్వకుంటే గుండె పలిగేటట్టున్నది తమ్మీ. గందుకే దయ్యమున్నదని నేనే పుట్టిచ్చిన... ఎవలు రావద్దని. చర్చిల నిలవడి అబద్ధమాడిన. ప్రభువు మాఫ్ చేస్తడో చెయ్యడో."

మా ఆయన కండ్లు తుడుసుకున్నడు. తర్వాత మెల్లగ అడిగిండు.

"మరన్నా... గా రెండో గొంతు?"

"ఏ రెండో గొంతు? రేకుల మిల్లు గదా. నా గొంతే మర్లి వస్తది."

"కాదన్నా..."

ఇద్దరు ఊపిరి బిగవట్టి ఇన్నరు. తోమాసన్న ఏడ్సుడు ఆపి చానసేపాయె. గోడ అవుతల గుడ ఏం లేదు...

ముక్కు ఎగవీల్చిన సప్పుడు. ఒక్కసారి.

గోడ పక్క సందులకెల్లి పోయి బ్యాటరీ ఏసిండ్రు. గోడకు ఆనుకొని, మోకాళ్ళల్ల తల వెట్టుకొని —

హెప్సిబా.

"బిడ్డా... నువ్వు గిక్కడ..." తోమాసన్న పిల్ల ముంగట కూసున్నడు.

"రోజు వస్తున్న తాతా."

"ఎందుకు బిడ్డా?"

"నువ్వు ఏడ్సేటప్పుడు ఏడిస్తే... నాది ఎవ్వలకు ఇనవడది."

కరీంనగర్లనే ఇన్నదట. తల్లి బాత్రూంల నల్లా ఇప్పి ఫోన్ల మాట్లాడుతుంటే, తలుపు ఇవుతల నిలవడి అంతా ఇన్నదట. ఇని, పోయి తమ్ముని పక్కన పండుకున్నదట.

అయ్యో నా తల్లీ! పదమూడు రోజులు... గా పిల్ల ఎండ్రికాయలు పట్టింది. తమ్మునికి డబ్బా కట్టి ఈతకు తీస్కపోయింది. వడ్ల కుప్ప మీదికెల్లి నవ్వుకుంట జారింది. అంతా తెల్సుకొనే జారింది. మేమేమో దానికి గాలి సోకిందనుకున్నం.

తోమాసన్న పిల్లను గుండెలకు అద్దుకొని, "పా బిడ్డా, మీ మమ్మీకి ఫోన్ చేద్దాం" అన్నడు.

పిల్ల ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"వద్దు తాతా! నాకు తెల్సని మమ్మీకి చెప్పకు. రోజు రాత్రి ఫోన్ల నాతోని నవ్వుకుంట మాట్లాడుతది. నాకు తెల్వదనే నవ్వుతుంది. తెలిస్తే ఇగ గంత గుడ నవ్వది తాతా..."

ఎవ్వలకు చెప్పొద్దని మా ఆయనతోని ఒట్టు వెట్టిచ్చుకున్నరు. ఆయన ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. సద్దిగిన్నె చేతిలనే ఉన్నది. రాకేశు గా రాత్రి ఉపాసమే పన్నడు. "ఏమైందయ్యా" అంటే మాట్లాడడు. నడిరాత్రి దాక అడుగుతే, మొఖం గోడకు తిప్పుకొని చెప్పిండు. ముప్పై ఏండ్లల్ల ఆయన ఏడుసుడు నేను గదే చూసుడు.

తెల్లారికెల్లి రోజు మాపటికి హెప్సిబాను మా ఇంటికి పిలుచుకునేదాన్ని. నేను ఏం అడుగలే. గ్యాస్ పొయ్యి ఇడిచిపెట్టి, పెరట్ల కట్టెల పొయ్యి ముట్టిచ్చేదాన్ని. పచ్చి కట్టెలు వెట్టేదాన్ని. పొగ కమ్ముతుండె. పిల్ల పొయ్యి ముంగట కూసొని కండ్లు తుడుసుకునేది, నేను తుడుసుకునేదాన్ని. సాల్మన్ గాడు వచ్చి, "ఇద్దరు ఎందుకేడుస్తున్నరు" అంటే, "పొగ బిడ్డా" అనేదాన్ని. గా రోజులల్ల పిల్ల రోజుకు రెండు రొట్టెలు తిన్నది. నాకు గదే సాలు అనిపించింది.

ఇరవై నాలుగో రోజు మాపటికి లిడియా వచ్చింది. తెల్లారితే పెట్టె హైదరాబాద్ నుంచి బయలెల్లుతదనంగ. ఎనుక పాస్టరు గారు. అందరికి ఒక్కసారే చెప్దామని అనుకున్నరట. మేం గుడ పోయినం.

లిడియా వాకిట్ల కింద కూసున్నది. పిల్లలిద్దర్ని ఒళ్ళెకు గుంజుకున్నది. మగ్దలేనక్క గడపల నిలవడి అందరి మొఖాలు చూస్తుంది. నేను మెల్లగ పోయి ఆమె ఎనుక నిలవడ్డ, పడితే పట్టుకుందామని.

"మీ డాడీ..." అన్నది లిడియా. ఆగింది. మళ్ళ "మీ డాడీ..." అన్నది. అవుతలి మాట రాలే. ఇరవై నాలుగు రోజులు మోసిన మాట... తీరా దించే యాల్లకు గొంతుల ఇరికింది. తోమాసన్న తల వంచుకున్నడు.

హెప్సిబా తల్లి మొఖం దిక్కు చూసింది. చిన్న చెయ్యి తోని ఆమె చెంపలు తుడిచింది. ఏమీ తెల్వని పిల్ల లెక్క, మెల్లగ అడిగింది.

"డాడీకి ఏమైంది మమ్మీ?"

లిడియా చెప్పింది. పిల్ల మొదటిసారి ఇన్నట్టే ఇన్నది.

ఇప్పటిదాక గుడ లిడియాకు తెల్వదు. మీరు చెప్పకుండ్రి.