పికిల్ ఏం తిన్నది?

శనివారం పొద్దున్నే సుధామయి దోసెలు పోస్తోంది. ఐదు రోజులు ఆఫీసు, రెండు రోజులు విశ్రాంతి అని చూసేవాళ్ళు అనుకుంటారు గానీ, ఆ రెండు రోజుల్లోనే ఆమెకి వారం పని ఉంటుంది. భర్త జయదేవ్ సోఫాలో కూర్చుని ఫోన్లో ఇండియా వార్తలు చూస్తూ, "ఇంకోటి ఎర్రగా కాల్చు" అంటున్నాడు. ఆరేళ్ళ బన్నీ బల్ల దగ్గర కూర్చుని దోసెని తినకుండా ముక్కలు చేస్తున్నాడు.

"తొందరగా తిను నాన్నా."

"కెన్ వి గో సీ పికిల్?"

"ముందు ప్లేటు ఖాళీ చెయ్యి. తర్వాత చూద్దాం."

పికిల్ అంటే కుక్క. కుక్కకి ఊరగాయ అని పేరేమిటని సుధామయి మొదట్లో నవ్వింది. అది వాళ్ళ కుక్క కాదు. బన్నీకి కుక్క కావాలి, సుధామయికి వద్దు. ఆ తగువు తీర్చినట్టుగా, వాళ్ళుండే కనాటా ఊళ్ళో, వాళ్ళ వీధి చివర కుక్కల్ని గొలుసు విప్పి వదిలే పార్కు ఒకటి దొరికింది. బన్నీ స్కూలు బస్సు దిగగానే, కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న తేజశ్రీ వాణ్ణి అక్కడికి తీసుకెళ్తుంది. సుధామయి ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆ పార్కులో కుక్కలన్నీ వాడివే. అక్కడ కుక్కల పేర్లు అందరికీ తెలుసు, మనుషుల పేర్లు ఎవరికీ తెలియవు. మన దగ్గర పిల్లల పేరు పెట్టి తల్లుల్ని పిలిచినట్టు, అక్కడా పికిల్ వాళ్ళమ్మ, బ్రూనో వాళ్ళ నాన్న.

తేజశ్రీది వరంగల్. కాలేజీలో సీటు ఇచ్చినంత సులువుగా ఈ దేశం తల దాచుకోను గది ఇవ్వని రోజుల్లో వచ్చింది. దిగిన కొత్తలో ఏడుగురు అమ్మాయిలతో ఒకే గదిలో, వంతులేసుకుని పరుపు మీద పడుకుంది. చదువు పూర్తయింది, వర్క్ పర్మిట్‌కి అప్లై చేసి ఎదురుచూస్తోంది. రోజూ ఈపాటికి పైకి వచ్చి "కాఫీ ఉందా అక్కా?" అని అడిగే పిల్ల, ఆవేళ మెట్ల తలుపు తీసి గడప దగ్గరే నిలబడిపోయింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"అక్కా, ఒక మాట చెప్పాలె. బన్నీ లేకుంటే మంచిగుంటది."

 వరంగల్ నుంచి చెడ్డ కబురేమో అనుకుంది సుధామయి. బన్నీని ప్లేటుతో సహా హాల్లోకి పంపి కార్టూన్ పెట్టింది. జయదేవ్ కూడా ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వచ్చాడు.

తేజశ్రీ తన ఫోన్లో ఒక ఫోటో చూపించింది. పార్కు గేటుకి అంటించిన కాగితం. పెద్దవాళ్ళ వణుకు చేతిరాత. "మా పికిల్ హాస్పిటల్లో ఉంది. కిడ్నీలు పనిచేయడం లేదు. పార్కులో ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే దయచేసి చెప్పండి. డాక్టర్లకి తెలియాలి. నేను కోప్పడను." కింద ఫోన్ నంబరు, మార్గరెట్ అన్న పేరు. పికిల్ వాళ్ళమ్మకి ఒక పేరుందని అప్పుడే తెలిసింది.

"నిన్న సాయంత్రం చూసిన. రాత్రంతా నిద్ర లేదక్కా. బుధవారం నా బర్త్‌డే కదా, రవ్వకేసరి చేసుకున్న. డబ్బాలో పార్కుకి తీసుకపోయి బన్నీకి పెట్టిన, పికిల్ దగ్గరకొస్తే దానికీ ఒక ముద్ద పెట్టిన. అందులో కిస్మిస్ ఉన్నయి. కుక్కలకి కిస్మిస్ విషమంట అక్కా. నాకు తెల్వదు. మా ఇంటి దగ్గర ఏది వండినా కుక్కకింత పెడ్తం."

"గేటు మీద రాసి లేదా, లోపలికి తిండి తేవద్దని?" అంది సుధామయి.

"ఉన్నది. మనుషులు తినొద్దని గాదు గదా అనుకున్న."

సుధామయికి పొయ్యి మీద దోసె మాడుతున్న సంగతి కూడా తెలియలేదు. కుక్క మీద జాలి తర్వాత వచ్చింది. ముందు భయమే వచ్చింది. ఆ మాట ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుని సిగ్గుపడింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు. ఇప్పుడు ఫోన్ చేద్దామని..."

"ఆగాగు. వచ్చే నెల మేం ప్రమాణం చెయ్యాలి, సిటిజన్‌షిప్ ఓత్. ఎనిమిదేళ్ళు ఆగాం దీనికోసం. ఆవిడ వెళ్ళి కంప్లైంట్ ఇస్తే? నీ వర్క్ పర్మిట్ సంగతి ఆలోచించావా?"

"అదే ఆలోచిస్తున్న అక్కా రాత్రి నుంచి. పర్మిట్ రాకపోతే నేను ఇంటికి ఏ ముఖంతో పోవాలె? కానీ అది చచ్చిపోతే?"

జయదేవ్ గొంతు తగ్గించి, "పార్కుకి రోజుకి యాభై మంది వస్తారు. ఎవరు పెట్టారో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలుసు కదన్నా," అంది తేజశ్రీ.

ఆ మాటకి సుధామయికి ఒళ్ళు మండింది. నిజం చెప్పేవాళ్ళ మీద మనకొచ్చే కోపం ఉందే, అది అన్నిటికంటే పెద్దది. "సరే, చేసుకో. కానీ మా ఇంటి పేరెత్తకు. బన్నీ పేరు అసలు ఎత్తకు. నెలాఖరుకి నువ్వు వేరే గది చూసుకో. నీ తప్పుల్ని మా కాపురం మీదకి తెచ్చుకోలేం."

తేజశ్రీ ముఖంలో రక్తం లేదు. "అక్కా, అంత మాట అనకండి. ఇప్పుడు గదులెక్కడున్నయ్? మళ్ళీ ఆ ఏడుగురి గదికి నేను పోలేను. మీ కాళ్ళు పట్టుకుంట. బన్నీని ఇంక పార్కుకే తీసుకపోను, కింద నుంచి పైకే రాను. గది మాత్రం ఉండనీయండి."

"తర్వాత మాట్లాడదాం," అని సుధామయి మాడిన దోసెని చెత్తలో పడేసింది. 

తేజశ్రీ కాసేపు గోడకి ఆనుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి, ఆ నంబరు నొక్కింది. చేతిలో ఫోన్ నిలవక స్పీకర్ మీద పెట్టి బల్ల మీద ఉంచింది. గది పోతుందని తెలిసీ, పర్మిట్ పోతుందేమోనని భయపడుతూ నంబరు నొక్కిన ఆ పిల్లని భార్యాభర్తలిద్దరూ చూస్తూ నిలబడ్డారు.

మార్గరెట్ హాస్పిటల్లోనే ఉంది. తేజశ్రీ వచ్చీరాని ధైర్యంతో ఇంగ్లీషులో అంతా చెప్పింది. ఆవిడ వెంటనే ఫోన్ డాక్టర్‌కి ఇచ్చింది.

"ఎన్ని కిస్మిస్‌లు ఉంటాయి ఆ ముద్దలో?" అని అడిగింది డాక్టర్.

"రెండో, మూడో."

"చూడమ్మా, అది పాతిక కిలోల కుక్క. రెండు మూడింటికి ఇంత దూరం రావడం నాకు నమ్మకంగా లేదు. ఇంకేదో తిని ఉండాలి. కార్లో పోసే కూలెంట్ కావచ్చు, ఎలుకల మందు కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. మేం చీకట్లో వెతుక్కుంటున్నాం, దానికి టైమ్ లేదు. బాగా గుర్తు చేసుకో."

"ఇంకేం లేదు డాక్టర్. ఒట్టు." తేజశ్రీ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి చిన్న గొంతు వినిపించింది. "మామ్, రెయిజిన్స్ ఆర్ బ్యాడ్ ఫర్ పికిల్?"

బన్నీ ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"నువ్వు లోపలికి వెళ్ళు నాన్నా."

"ఐ గివ్ హర్ మైన్. ఎవ్రీ డే." వాడు ప్లేటు బల్ల మీద పెట్టాడు. "యు సెడ్ ఫినిష్ ది బాక్స్. ఐ డోంట్ లైక్ దెమ్. పికిల్ లైక్స్ దెమ్."

వాడికి రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పిన దగ్గర నుంచి, సుధామయి రాత్రి నానబెట్టిన నల్ల కిస్మిస్ గుప్పెడు రోజూ స్కూలు డబ్బాలో పెడుతోంది. సాయంత్రం డబ్బా తెరిచి చూసి, "మా బంగారం, అన్నీ తిన్నావా!" అని ముద్దు పెట్టుకుంటోంది. స్కూలు మొదలైన దగ్గర నుంచి ఇదే వరస. వాడు బడిలో పారేయలేదు, తిండి పారేయకూడదని తనే నేర్పింది కదా. దాచి తెచ్చి కుక్కకి పెట్టాడు. తేజశ్రీ బెంచీ మీద కూర్చుని ఉద్యోగాల కోసం ఫోన్లో అప్లికేషన్లు నింపుకుంటుంటే, వాడు చెట్టు వెనక తల్లి మాట నిలబెట్టాడు.

"హలో? ఉన్నావా?" అంటోంది డాక్టర్.

సుధామయి ఫోన్ వైపు చూసింది. ఒక్క అడుగు వేస్తే చాలు. 'నేను బన్నీ వాళ్ళమ్మని' అంటే చాలు. ఆమె అడుగు పడలేదు. 

తేజశ్రీ ఆమె ముఖం చూసింది, బన్నీని చూసింది. ఫోన్ మీదకి వంగింది. "డాక్టర్, అది కూడా నేనే. రోజూ ఒక గుప్పెడు. నానబెట్టిన నల్ల కిస్మిస్. నెల పైనే అయింది. భయపడి ముందు చెప్పలేదు."

 "థాంక్యూ. ఇది చాలు నాకు," అని డాక్టర్ ఫోన్ పెట్టేసింది.

జయదేవ్ "హమ్మయ్య" అన్నాడు.

పెళ్ళైన పదేళ్ళలో భర్త నోట సుధామయి ఎన్నో మాటలు విన్నది. ఏ మాటా ఆమెని ఇలా కోయలేదు. ఎందుకంటే తన లోపల కూడా అదే మాట పుట్టింది.

బన్నీ తల్లి కొంగు కోసం వెతికినట్టు ఆమె టీషర్టు అంచు పట్టుకున్నాడు. "తేజక్క డిడ్న్‌ట్ డూ ఇట్. వై డిడ్ షి సే దట్?"

 సుధామయి తేజశ్రీని అడిగింది, "ఎందుకలా చెప్పావే?"

"డాక్టర్‌కి ఎవరో ఒకరు చెప్పాలె కదక్కా. మీకు ఓత్ ఉన్నది. నా తప్పు ఎట్లాగూ చెప్పిన, దాంట్లో ఇది కలిపిన, అంతే. చూసుకోకపోవడం కూడా నా తప్పే." ముక్కు తుడుచుకుని నెమ్మదిగా అంది, "నెలాఖరు అన్నరు. ఇంకో పదిహేను రోజులు ఎక్కువ ఇస్తే గది చూసుకుంట."

ఆ పదిహేను రోజుల మాట దగ్గర సుధామయికి దుఃఖం ఆగలేదు. పొయ్యి ఆర్పి, కారు తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు జయదేవ్. "డాక్టర్‌కి కావాల్సింది తెలిసింది కదా. ఇప్పుడు నువ్వెళ్ళి చెప్తే ఆ కుక్కకి ఒరిగేదేంటి?"

"కుక్కకి ఏమీ ఒరగదు. నీ కొడుకు మనిద్దర్నీ చూస్తూ నిలబడ్డాడు జయదేవ్. వాడికేం చెప్తావ్ నువ్వు?"

 జయదేవ్ వెళ్ళి బన్నీ జాకెట్ తెచ్చి జిప్పు వేశాడు. తేజశ్రీ కూడా వాళ్ళతో కారెక్కింది.

జంతువుల హాస్పిటల్ వరండాలో మార్గరెట్ ఒక్కతే కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఒళ్ళో పికిల్ గొలుసు. బన్నీని చూసి అలవాటుగా నవ్వబోయి ఆగిపోయింది. లోపల అద్దం వెనక పికిల్ పక్కకి పడుకుని ఉంది, కాలికి సెలైన్. వీళ్ళని చూసి తోక కూడా కదపలేదు. రెండు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమని డాక్టర్ అన్నదట. బన్నీ అద్దానికి ముఖం ఆనించి, చప్పుడు లేకుండా ఏడవడం మొదలుపెట్టాడు.

సుధామయి మార్గరెట్ ఎదురుగా నిలబడింది. ఇంగ్లీషులోనే చెప్పింది, ఆఫీసులో మాట్లాడే ఇంగ్లీషు కాదు, తడబడే ఇంగ్లీషు. ఆ కిస్మిస్ తను పెట్టినవని, తన కొడుకు డబ్బాలోవని, తేజశ్రీ తమని కాపాడటానికి తన మీద వేసుకుందని చెప్పింది. తన పేరు, ఇంటి నంబరు కూడా చెప్పింది. కంప్లైంట్ ఇవ్వాలనుకుంటే తన పేరు మీదే ఇవ్వమంది.

మార్గరెట్ ఆమె ముఖంలోకి చూసింది. "ఈ అమ్మాయి చెయ్యకపోతే నువ్వు ఫోన్ చేసేదానివా?"

అవునని చెప్పడానికి ఎంతో సేపు పట్టదు. ఎవరూ తప్పుపట్టరు కూడా. సుధామయి కొడుకు వైపు చూసింది.

"లేదు," అంది. "చెయ్యొద్దని చెప్పాను. చేస్తే మా ఇంట్లోంచి పొమ్మన్నాను."

 మార్గరెట్ క్షమించానని అనలేదు. కొంచెం పక్కకి జరిగి, తేజశ్రీ చెయ్యి పట్టుకుని బెంచీ మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. సుధామయిని కూర్చోమనలేదు. జయదేవ్ బన్నీని ఎత్తుకున్నాడు. ఆమె అక్కడే, దోసెల పిండి అంటిన చేతులతో నిలబడి ఉంది.

"అక్కా," అంది తేజశ్రీ, బెంచీకి అవతలి చివర చోటు చూపిస్తూ. "ఎంతసేపు నిలబడ్తరు? వచ్చి కూర్చోండి."

సుధామయి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. "మన ఇంట్లోనే ఉండవే," అనబోయింది. మన అన్న మాట దాటి గొంతు రాలేదు. తేజశ్రీ భుజం మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.